కొత్తకోట నడిబజారుకు కొత్త కొలతలు: పల్లెలకు పట్టని విషయం కాదు

కొత్తకోట: కొత్తకోట గ్రామపంచాయతీ 2018 ఆగస్టులో పురపాలక సంఘమైంది. 2020 జనవరిలో తొలి ఎన్నికలు జరిగాయి. కార్యాలయం మీద బోర్డు మారింది, పన్ను రసీదు మారింది, కార్యదర్శి కూర్చునే చోట కమిషనరు కూర్చున్నారు. నడిబజారు మాత్రం ఇప్పటికీ పంచాయతీ నాటి కొలతలతోనే నడుస్తున్నది. ఆ బజారులో ఇకమీదట ఎవరు ఏమి కట్టుకోవచ్చు, ముందు ఎంత జాగ వదలాలి, ఏ వీధిలో ఏ వ్యాపారం చేయవచ్చు, వీధి ఎంత వెడల్పు వుండాలి అన్న ప్రశ్నలకు పట్టణ ప్రణాళిక నిబంధనలే జవాబు చెప్పాలి. ఇదంతా పట్టణంలో ఆస్తులున్నవారి గొడవ, మనకెందుకని చుట్టుపక్కల పల్లెలవారు అనుకుంటున్నారు. అది సరికాదు.

నడిబజారును వాడుకునేది ఎవరు? పాలెం, కానాయపల్లి, అమడబాకుల, కనిమెట్ట, నాటవెల్లి తదితర గ్రామాల రైతులు విత్తనానికి, ఎరువుకు, కాలిపోయిన మోటారుకు తీగ చుట్టించుకోవడానికి వచ్చేది ఇక్కడికే. బ్యాంకు పని, మండల కార్యాలయం పని, మందుల దుకాణం, పెండ్లి బట్టలు అన్నీ ఇక్కడే. వనపర్తి రోడ్ అన్న పేరుగల రైల్వే స్టేషను వున్నది మదనాపురంలో. అక్కడ రైలు దిగి వనపర్తి పోయేవారు కూడా కొత్తకోట మీదుగానే పోవాలి. హైదరాబాదు, కర్నూలు బస్సులకు ఎదురుచూసేవారు చెప్పనక్కరలేదు. బజారులో అమ్మేవారు పట్టణవాసులైతే కొనేవారిలో పెద్ద భాగం పల్లెజనం. అయితే పల్లెవారికి ఈ పురపాలక సంఘంలో ఓటు లేదు. వార్డు సభ్యుడు వారి గడప తొక్కవలసిన పని లేదు. కనుక బజారు నిబంధనలు రాసేటప్పుడు గుమ్మం లోపల కూర్చున్నవారి మాట వినిపిస్తుంది గాని, గుమ్మం ముందు నిలబడేవారి మాట వినిపించదు.

పంచాయతీ నాడు, పురపాలక సంఘం నేడు

గ్రామపంచాయతీలకు కూడా 2002 నాటి లేఅవుటు, భవన నిర్మాణ నిబంధనలు వుండేవి. కాని పల్లెలో ఇల్లు కట్టేవాడు ముందు మేస్త్రీని పిలుస్తాడు, తరువాత పంచాయతీకి పోతాడు. మేస్త్రీ ముగ్గు పోసిన చోటే పునాది. పక్కవారు అభ్యంతరం చెప్పకపోతే అదే అనుమతి. ఈ అలవాటుతోనే తరతరాలుగా బజారు పెరిగింది.

పురపాలక సంఘాలకు వర్తించేవి 2012 ఏప్రిల్‌లో 168వ నెంబరు ఉత్తర్వు ద్వారా వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు. వాటికి తోడు 2019లో తెలంగాణ పురపాలక చట్టం, 2020లో భవన అనుమతుల చట్టం వచ్చాయి. ఈ 2020 చట్టంలో పేదవాడికి మేలుచేసే సంగతి ఒకటి వున్నది. 75 గజాల లోపు జాగలో నేల అంతస్తు, దానిమీద మరొక అంతస్తు వరకు సొంత ఇల్లు కట్టుకునేవారు అనుమతి కోసం తిరగనక్కరలేదు. ఒక్క రూపాయి చెల్లించి పేరు నమోదు చేసుకుంటే చాలు. అంతకు మించి 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి యజమాని స్వయంగా ధ్రువీకరణ ఇస్తే వెంటనే అనుమతి వస్తుంది. ఇచ్చిన ధ్రువీకరణ తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చవచ్చు.

ఇవన్నీ ఇళ్ల సంగతి. దుకాణమైతే దారి వేరు. జాగ ఎంత చిన్నదైనా నివాసేతర కట్టడానికి ఏకగవాక్ష పద్ధతిలో నక్షలు, దస్తావేజులు సమర్పించి అనుమతి పొందాలి. అందుకు చట్టం పెట్టిన గడువు 21 రోజులు.

చిక్కు ఇక్కడే మొదలవుతున్నది. మన బజారులో ఇల్లు ఎక్కడ అంతమవుతుంది, దుకాణం ఎక్కడ మొదలవుతుంది? ముందు మడిగె, నడుమ సామాను గది, వెనుక వంట ఇల్లు, పైన కొడుకు కోడలు. మగ్గం వున్న ఇంట్లో నడవలోనే నేత, నడవలోనే పడక. గద్వాల, అమరచింత, రాజోలి వలె కొత్తకోటకు కూడా చేనేతలో పేరున్నది. ఆ ఇల్లు నివాసమా, పరిశ్రమా, వాణిజ్యమా అని దరఖాస్తు అడిగితే నేతకారుడు ఏ గడిలో గీత పెట్టాలి? మాస్టర్ ప్లాన్లు పట్టణాన్ని నివాస, వాణిజ్య, పరిశ్రమ, వ్యవసాయ మండలాలుగా విడదీసి ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు పూస్తాయి. కొత్తగా వేసే కాలనీకి ఆ పద్ధతి సరిపోవచ్చు. పాత బజారుకు అన్ని రంగులూ ఒకే ఇంట్లో వున్నాయి. మిశ్రమ వినియోగ మండలం అన్నది ప్రణాళికా శాస్త్రానికి తెలియని మాట కాదు. చాలా పట్టణాల ప్రణాళికలలో ఆ పేరున్నది. కొత్తకోట పాత బజారును, మగ్గాల వీధులను మొత్తంగా ఆ మండలం కిందనే చూపడం సబబు.

పదిహేను అడుగుల జాగ లెక్క

నిబంధనలలో సామాన్యుడిని ఎక్కువగా తాకేది ముందు వదలవలసిన జాగ. వీధి వెడల్పును బట్టి, జాగ విస్తీర్ణాన్ని బట్టి ఇది మారుతుంది. చిన్న జాగలకు వెడల్పు తక్కువ వీధిలో మీటరున్నర, పెద్ద రోడ్డు మీద మూడు మీటర్లు అనుకుందాం. అంటే ఐదు అడుగులు మొదలు పది అడుగుల దాకా.

బజారులో ఒక మడిగె జాగను లెక్క కట్టి చూద్దాం. తండ్రికి రోడ్డు మీద 30 అడుగుల ముఖం వుండేది. ఇద్దరు కొడుకులు పంచుకోగా ఒక్కొక్కరికి 15 అడుగులు వచ్చింది. లోతు 60 అడుగులు. మొత్తం 900 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 100 గజాలు. పది అడుగులు ముందు వదిలితే 150 చదరపు అడుగులు పోయింది. అది జాగలో ఆరవ వంతు. అంతకుముందే రోడ్డు విస్తరణలో మరొక పది అడుగులు పోతే మొత్తం 300 చదరపు అడుగులు, మూడవ వంతు పోయినట్టు. ఆ పోయే మూడవ వంతు వెనుక పెరడు కాదు, ముందు మడిగె. ఆ ఇంటికి అన్నం పెట్టేది ఆ ముందరి ఇరవై అడుగులే. వెనుక 40 అడుగులు మిగిలినవి కదా అని అధికారి అనవచ్చును. వెనక్కి జరిగి కట్టుకోవాలంటే వున్న ఇల్లు కూల్చాలి.

విస్తరణలో జాగ వదిలినవారికి నిబంధనలు కొన్ని రాయితీలు చూపుతున్నాయి. మిగిలిన జాగలో సెట్‌బ్యాకు సడలింపు, అదనపు అంతస్తు, లేదా బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కుల పత్రం. ఈ పత్రాన్ని అమ్ముకోవచ్చు. హైదరాబాదులో ఎత్తైన కట్టడాలు కట్టే బిల్డర్లు దీనిని కొంటారు. కొత్తకోటలో పది అంతస్తులు కట్టేవారెవరు, ఈ పత్రం కొనేవారెవరు? కొనేవాడు లేని హక్కు పెట్టెలో దాచుకోవడానికే పనికివస్తుంది. అదనపు అంతస్తు రాయితీ కూడా అంతే. ఒక స్లాబు వేయడానికే అప్పు చేసినవాడికి రెండవ స్లాబుకు అనుమతి ఉచితమని చెప్పడం వంటిది. జాగ తీసుకోవలసి వస్తే 2013 భూసేకరణ చట్టం ప్రకారం డబ్బు ఇవ్వడమే చిన్న పట్టణంలో న్యాయమైన దారి. మార్కెటు విలువకు సమానంగా మరొక నూరు శాతం సోలేషియం ఆ చట్టంలో వున్నది. పురపాలక సంఘానికి అంత డబ్బు వుండదన్నది నిజమే. డబ్బు లేనప్పుడు గీత గీసే ముందు మరొకసారి ఆలోచించాలి.

నేతకారుల ఇళ్లకు ఈ లెక్క ఇంకా కఠినం. గుంట మగ్గం నేలలో తవ్విన గుంట మీద సాగుతుంది. కాళ్లు గుంటలో వుండాలి, నేల చల్లదనం నూలుకు తగలాలి. దానిని పై అంతస్తుకు ఎక్కించలేరు. కింద పోయిన పది అడుగులకు బదులు పైన అంతస్తు కట్టుకో అంటే వ్యాపారికి కొంత సరిపోవచ్చు, నేతకారుడికి సరిపోదు. పడుగు చాపి గంజి పెట్టడానికి వీధి పొడవు కావాలి. ఆ వీధిని వెడల్పు చేసి వాహనాలకు వదిలితే పడుగు ఎక్కడ చాపుతారు? మగ్గాలున్న సందులను విస్తరణ నుండి మినహాయించి, పెద్ద బండ్లు రాకుండా ఆపడం మేలు.

మరొక మెలిక గ్రామకంఠం. పాత ఊరు చాలావరకు గ్రామకంఠం భూమి. అక్కడ ఇళ్లకు తాత ముత్తాతల స్వాధీనమే దస్తావేజు. పంచాయతీ ఇంటి నెంబరు, పన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప రిజిస్టరు కాగితం వుండదు. అనుమతి దరఖాస్తు మొదట అడిగేది హక్కు పత్రం. కాగితం లేనందువల్ల అనుమతి రాదు, అనుమతి లేనందువల్ల బ్యాంకు అప్పు రాదు, అయినా ఇల్లు కట్టక తప్పదు కనుక కట్టడం అక్రమమవుతుంది. ఇది యజమాని దోషమనలేము. పాత బజారుకు కొత్త కొలతలు పెట్టేముందు ఇంటింటి కొలత వేసి, స్వాధీనంలో వున్నవారికి హక్కు పత్రం ఇచ్చే పని పూర్తిచేయాలి. పునాది లేని చోట నక్ష గీసి లాభం లేదు.

పాత రహదారి మీద లారీలు లేవు

హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే జాతీయ రహదారికి ఒకప్పుడు 7వ నెంబరు, ఇప్పుడు 44. నాలుగు వరసలుగా చేసినప్పుడు రహదారిని ఊరి బయటి నుంచి బైపాసుగా మళ్లించారు. ఊరి నడుమ మిగిలింది పాత రహదారి. దానినే బజారు రోడ్డుగా వాడుకుంటున్నాము. దూర ప్రయాణపు లారీ ఈ దారిన రానక్కరలేదు. వచ్చేవి బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు, కోతల కాలంలో ట్రాలీతో కలిపి 20 అడుగులు దాటే ట్రాక్టర్లు.

వీటికి కావలసింది వేగంగా పోయే వెడల్పు రోడ్డు కాదు, ఆగడానికి చోటు. ఇరుకు అనిపించేది రోడ్డు సన్నగా వున్నందువల్ల మాత్రమే కాదు. ఒక ట్రాక్టరు ఎరువుల దుకాణం ముందు, ఒక ఆటో చౌరస్తా మూలలో, నాలుగు మోటారు సైకిళ్లు బ్యాంకు ముందు ఆగితే ఎంత వెడల్పు రోడ్డయినా ఇరుకే. రోడ్డును రెట్టింపు చేస్తే ఆగే వరసలు కూడా రెట్టింపవుతాయి. వనపర్తి రోడ్డు విస్తరణ చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. చౌరస్తాకు నడిచిపోయేంత దూరంలో ఒక ఎకరం ప్రభుత్వ భూమిని ట్రాక్టర్లకు, ఆటోలకు విడిచిపెడితే, రోడ్డు వెంట వంద మడిగెల ముందరి భాగాన్ని కూల్చడంకంటే చౌకగా పని జరుగుతుంది.

కూడలిలో మాత్రం జాగ వదలడం తప్పదు. రెండు రోడ్లు కలిసే మూల జాగను ఏటవాలుగా చెక్కి వదలాలని నిబంధన వున్నది. చిన్న రోడ్ల కూడలిలో అది 3 మీటర్ల చొప్పున. మూల మీద మడిగె అద్దె ఎక్కువ గనుక అక్కడే అందరూ అంచు దాకా కడతారు. అటునుంచి వచ్చే బండి కనబడక జరిగే ప్రమాదాలు ఎన్ని! ఈ ఒక్క నిబంధనను ఏ సడలింపు లేకుండా అమలు జరపాలి.

పురపాలక సంఘం గాని, రోడ్ల శాఖ గాని చూడవలసిన మరొక చిన్న సంగతి రోడ్డు మట్టం. పాత తారు తీయకుండా దానిమీదనే కొత్త పొర వేయడం మన దగ్గర ఆనవాయితీ. ప్రతిసారి రోడ్డు నాలుగంగుళాలు లేస్తుంది, దుకాణం గుంటలో పడుతుంది, వానకాలంలో నీళ్లు మడిగెలోకి వస్తాయి. అప్పుడు వ్యాపారి మెట్లు లేపుతాడు, మెట్లు మోరీ మీదికి వస్తాయి, మోరీ మూసుకుపోతుంది. ఆక్రమణ అని నోటీసు అందుకునేది వ్యాపారే. రోడ్డు ఎంత ఎత్తున వుండాలో నిర్ణయించి రాయకుండా దుకాణాల గడప ఎంత ఎత్తున వుండాలో చెప్పడం కుదిరేది కాదు.

నీడ గురించి నిబంధన

పాలమూరు ఎండ గురించి పాలమూరువారికి చెప్పవలసిన పని లేదు. ఏప్రిల్ మధ్యాహ్నం బజారులో నిలబడే మనిషికి కావలసింది నాలుగడుగుల నీడ. ప్రస్తుత నిబంధనలు ముందు జాగ ఖాళీగా వదలమంటాయి. ఖాళీ జాగలో ఎండ కాస్తుంది, కనుక దుకాణదారు రేకులు దింపుతాడు, రేకుల కింద సామాను పెడతాడు, నడిచేవాడు రోడ్డెక్కుతాడు.

దీనికి మార్గం మన రాష్ట్రంలోనే చూపినవారున్నారు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదును చక్కదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. చార్మినారు దారిలోని పత్తర్‌గట్టి ఆ బోర్డు కాలంలో రూపుదిద్దుకున్నదే. రోడ్డుకు ఇరువైపులా ఒకే తీరు రాతి కమానులు, కమానుల వెనుక నడిచే వసారా, వసారా వెనుక దుకాణాలు, పైన ఇళ్లు. అంతకు చాలా ముందు, 1822లో సింగపూరు పట్టణానికి ప్రణాళిక వేసినప్పుడు ప్రతి ఇంటివాడు వీధివైపు వసారా వదలాలని, ఆ వసారాలన్నీ కలిసి ఒకే నడక దారి కావాలని నియమం పెట్టారు. అక్కడా ఎండ, వాన రెండూ ఎక్కువే. ఆ వసారాలు నేటికీ వున్నాయి.

మన 15 అడుగుల మడిగెకు ఈ పద్ధతి లెక్క కట్టి చూద్దాం. పది అడుగుల ఖాళీ జాగ వదిలితే కింద 150, పైన 150, మొత్తం రెండు అంతస్తులలో 300 చదరపు అడుగులు పోతాయి. దానికి బదులు ఎనిమిది అడుగుల కప్పు వసారా వదిలి, దానిమీద పై అంతస్తు కట్టుకోనిస్తే పోయేది కింద 120 చదరపు అడుగులే. పైన ఏమీ పోదు. యజమానికి నష్టం సగానికంటే తగ్గుతుంది, నడిచేవారికి నీడ దొరుకుతుంది. దీనికి రాష్ట్ర నిబంధనల నుండి కొంత మినహాయింపు, అందుకు ప్రభుత్వ ఆమోదం కావాలి. పట్టణ ప్రణాళికలో నడిబజారుకు ప్రత్యేక నిబంధన రాసి పంపితేనే ఆ ఆమోదం అడగవచ్చు.

వసారా వదిలితే దానిని కూడా వ్యాపారులు సామానుతో నింపుతారని ఒక అభ్యంతరం వుంది. అది నిజమే, పత్తర్‌గట్టిలోనే ఆ దృశ్యం చూడవచ్చు. అందుచేత వసారా అంతా ఒకే మట్టంలో వుండాలని, నడుమ గోడ గాని తలుపు గాని మెట్టు గాని కట్టరాదని, అది బాటసారుల హక్కు దారి అని అనుమతి పత్రంలోనే రాయించుకోవాలి. ఒక్క దుకాణం అడ్డం కడితే వీధి మొత్తం వసారా చెడుతుంది గనుక పొరుగు వ్యాపారులే కాపలా కాస్తారు.

రంగు బోర్డులు, గోడల సొగసు, ముందుభాగం ఒకే తీరుగా వుండడం వంటివి తరువాత సంగతి. పల్లె నుంచి వచ్చే ఆడవారికి బజారులో మరుగుదొడ్డి ఎక్కడున్నదన్నది ముందు సంగతి. బ్యాంకు పని మీద ఉదయం బయలుదేరిన స్త్రీ సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా వుండడం మన అందరి ఇళ్లలోనూ తెలిసిన విషయమే. పెద్ద వాణిజ్య భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్డు వైపు తలుపుతో ప్రజలకు మరుగుదొడ్డి కట్టాలని షరతు పెట్టడం కష్టమేమీ కాదు.

గంపలో కూరగాయలు

వీధి వ్యాపారుల రక్షణకు 2014లో కేంద్ర చట్టం వచ్చింది. పట్టణంలో వీధి వ్యాపారులను లెక్కించి, గుర్తింపు పత్రం ఇచ్చి, అమ్ముకునే చోట్లు నిర్ణయించాలి. ఆ లెక్క పూర్తికాకముందు ఎవరినీ తొలగించరాదు. పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే వుండాలి, వారిలో మూడవ వంతు స్త్రీలు వుండాలి. అమ్మేవారు, కొనేవారు అలవాటుగా చేరే చోటును ఈ చట్టం సహజ మార్కెటుగా గుర్తిస్తున్నది. సంతలకు అదే అండ.

అయితే లెక్క తీసే రోజున బజారులో వున్నవారి పేరే పుస్తకంలోకి ఎక్కుతుంది. రోజూ తోపుడు బండి పెట్టుకునే పట్టణవాసి పేరు తప్పిపోదు. వారానికి రెండు రోజులు గంపతో ఆకుకూర, చిక్కుడు, పాలు, పెరుగు తెచ్చి అమ్ముకునే పల్లె స్త్రీ పేరు తప్పిపోతుంది. తరువాత కొత్త నిబంధన ప్రకారం ఆ చోటు ‘వ్యాపార నిషిద్ధ మండలం’ అయితే ఆమె వద్ద చూపడానికి కాగితం వుండదు. బజారుకు కొలతలు రాసేవారు ఈ గంపలకు ఎనిమిది, పది అడుగుల మేర నేల మీద గీత గీసి, ఉదయం పూట రైతులకే అని రాస్తే సరిపోతుంది. కట్టడం అవసరం లేదు, ఖర్చు సున్నం డబ్బా మాత్రమే.

పొలాల మీద పడే రంగు

నడిబజారు నిబంధనలు ఒంటరిగా రావు. మాస్టర్ ప్లాన్‌లో భాగంగా వస్తాయి. ఆ ప్లాన్ నక్ష బజారుతో ఆగదు. పట్టణపు అంచు, దానిని ఆనుకున్న పొలాల మీదికి కూడా రంగులు పోతాయి. పొలం మీద రోడ్డు గీత పడవచ్చు, పార్కు రంగు పడవచ్చు, పరిశ్రమ రంగు పడవచ్చు. భూమి రైతు చేతిలోనే వుంటుంది, పాసుపుస్తకం కూడా వుంటుంది. కాని అమ్మబోతే కొనేవాడు నక్ష చూసి ధర తగ్గిస్తాడు, ఇల్లు కట్టబోతే అనుమతి రాదు.

కామారెడ్డి అనుభవం దూరపు మాట కాదు. అక్కడ 2022 నవంబరులో మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడింది. అభ్యంతరాలకు 60 రోజుల గడువు పెట్టారు. చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ పంట భూములు పారిశ్రామిక మండలంలో, కొన్ని రోడ్ల కింద చూపబడ్డాయని తెలుసుకునేసరికి గడువు చాలావరకు గడిచింది. 2023 జనవరి మొదటివారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మరునాడు వేలాదిగా రైతులు కలెక్టరు కార్యాలయం ముందు చేరారు. జనవరి 20న పురపాలక పాలకవర్గం ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలో కూడా అదే రోజులలో అదే విధంగా ఆందోళన జరిగి ముసాయిదా వెనక్కి పోయింది. ఉద్యమం గెలిచింది కాని పోయిన ప్రాణం తిరిగి రాలేదు. ఆ రెండు పట్టణాలలోను అధికారులు చట్టం చెప్పిన పద్ధతి తప్పలేదనే అంటారు. ప్రకటన ఇచ్చారు, నక్ష గోడకు పెట్టారు. సర్వే నెంబర్లు ఇరుకు అక్షరాలలో వున్న నక్షను పొలం పని మానుకొని వెళ్లి చదివే రైతు ఎవరు?

పట్టణ పరిధిని పెంచి ఒక గ్రామాన్ని కలుపుకునే మాట వచ్చినప్పుడు మరి రెండు లెక్కలు చూసుకోవాలి. గ్రామీణ ఉపాధి హామీ పని గ్రామపంచాయతీలలోనే దొరుకుతుంది. పురపాలక సంఘంలో కలిసిన వాడకట్టుకు అది వుండదు. భూసేకరణలో గ్రామీణ ప్రాంతపు భూమికి మార్కెటు విలువను రెండింతల దాకా హెచ్చించే వీలు 2013 చట్టంలో వున్నది. పట్టణ భూమికి ఆ హెచ్చింపు లేదు. వీధి దీపాలు, మంచినీటి గొట్టాలు వస్తాయన్న మాట పక్కన ఈ రెండూ కూడా రాసుకొని తూకం వేయాలి.

ప్రణాళిక లేకపోతే బాగుంటుందని అనలేము. ప్రణాళిక లేనందువల్లనే రోడ్డు పక్క పొలాలు సున్నపు రాళ్లు పాతిన ప్లాట్లయి, మోరీ లేకుండా, దారి లేకుండా అమ్ముడుపోయాయి. 2020లో ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం పెడితే రాష్ట్రం మొత్తం మీద సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. 2025లో రుసుములో 25 శాతం తగ్గిస్తామని మళ్లీ పిలవవలసి వచ్చింది. ఆ ప్లాట్లు కొన్నవారిలో బొంబాయి, పూనా వలస పోయి కూలి సొమ్ము కూడబెట్టిన పాలమూరు కుటుంబాలు తక్కువ కాదు.

అభ్యంతరం చెప్పే విధానం

ముసాయిదా ప్రకటన వెలువడినప్పుడు అభ్యంతరం చెప్పడానికి పట్టణంలో ఓటు వుండనక్కరలేదు. ఆ నిబంధనల వల్ల బాధ కలిగే ఎవరైనా రాసి ఇవ్వవచ్చు. పాలెం రైతు, కానాయపల్లి పాల వ్యాపారి, మగ్గం నేసే ముసలమ్మ అందరికీ ఆ హక్కు వున్నది. గ్రామసభలో తీర్మానం చేసి పంచాయతీ తరఫున పంపితే ఇంకా బలం.

నోటి మాట అభ్యంతరం కాదు. కాగితం మీద సర్వే నెంబరు, విస్తీర్ణం, ముసాయిదా నక్షలో దానిని ఏ రంగులో చూపారు, ఏమి మార్చాలి అన్న నాలుగు సంగతులు వుండాలి. పాసుపుస్తకం నకలు జతచేయాలి. బజారు జాగ అయితే ఇంటి నెంబరు, వెడల్పు లోతుల కొలత, పన్ను రసీదు నకలు. రెండు ప్రతులు తీసుకుపోయి ఒకదాని మీద తేదీతో కార్యాలయం ముద్ర వేయించుకొని ఇంట్లో పెట్టుకోవాలి. కామారెడ్డిలో చేసినట్టు 60 రోజుల గడువు పెట్టి, అది నాట్ల కాలంలో గాని కోతల కాలంలో గాని పడితే, గడువు పెంచమని మొదటి వారంలోనే అడగాలి. పురపాలక సంఘం తన వంతుగా నక్షను కార్యాలయం గోడకు మాత్రమే కాక ప్రతి గ్రామపంచాయతీకి ఒక ప్రతి పంపి, సర్వే నెంబర్ల జాబితాను తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేయించి, బస్‌స్టాండులో కూడా అంటించాలి. పల్లెలవారు రోజూ వచ్చి నిలబడే చోటు అదే గనుక.